గిడుగు వారి చెవులు... మన బీపీ మాత్రలు

ప్రతి ఏడూ ఆగస్టు 29న మా ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. ఒక పిల్లాడికి తలపాగా చుట్టి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి వేషం వేస్తారు. వాడు వాడుక భాష గురించి కంఠతా పట్టిన నాలుగు ముక్కలు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతాడు. వైద్యుణ్ని కాబట్టేమో, ఆ వేషంలో ఒకటి తక్కువైందని నాకు అనిపిస్తూ ఉంటుంది. పంతులుగారికి చెవుడు. అది పుట్టుకతో వచ్చింది కాదు, ముసలితనంతో వచ్చిందీ కాదు. మందుతో వచ్చింది. జ్వరం తగ్గించి ప్రాణం నిలబెట్టిన మందే వినికిడిని పట్టుకుపోయింది.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం ఈ మధ్య మా ఓపీకి వచ్చిన ఒక కుర్రాడు. ముందు పంతులుగారి కథ చెప్పి, తర్వాత అతని దగ్గరికి వస్తాను.

రామమూర్తిగారు మన జిల్లా మనిషి. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారిది రెవెన్యూ ఉద్యోగం. ఆయన చోడవరానికి బదిలీ అయ్యాక 1875లో విషజ్వరంతో పోయారు. అప్పటికి పిల్లాడికి పన్నెండేళ్లు. ఆ రోజుల్లో ఏ జ్వరమో తేల్చే పరీక్షలు లేవు. మనిషిని తీసుకుపోయిన ప్రతి జ్వరమూ విషజ్వరమే. మేనమామ నీడన విజయనగరం మహారాజావారి బడిలో చదువు సాగింది. అక్కడ గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఇంటి భారం నెత్తిన ఉంది కాబట్టి మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతానికి పంతులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తి చేశారు. చరిత్ర చెప్పే మాస్టారికి శాసనాలు చదవడం రాకపోతే ఎలా అనుకుని, ముఖలింగం గుడి గోడల మీది పాత లిపిని తనంతట తానే నేర్చుకున్నారు.

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది గానీ మనకు పొరుగూరే. నౌపడా నుంచి టెక్కలి మీదుగా అక్కడికి వెళ్లే చిన్న రైలు 1900లో మొదలైంది. అంతకుముందు వెళ్లిన వాళ్లకు ఎడ్లబండే గతి. ఊరు దాటితే కొండలు, కొండల్లో సవరలు. సంతకు వచ్చిన సవరలను షావుకార్లు తూకంలో మోసం చేస్తుంటే, కచేరీలో వాళ్ల మొర అర్థం చేసుకునే వాళ్లు లేరు. ఈ మనుషులకు చదువు రావాలంటే వాళ్ల భాషలోనే చెప్పాలని పంతులుగారికి తోచింది. దానికి ముందు ఆ భాష తనకు రావాలి. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. సవర భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. మన తెలుగుకు చుట్టం కూడా కాదు. ముండా కుటుంబానికి చెందింది. తెలుగులో లేని, గొంతులో ఆపి పలికే ధ్వనులు అందులో ఉన్నాయి. అలాంటి భాషను నేర్చుకోవడానికి ఉన్న పనిముట్టు ఒక్కటే. చెవి.

ఇంట్లో కూర్చుంటే సరిపోలేదు. సెలవు దొరికినప్పుడల్లా కొండలెక్కి సవర గూడేల్లో తిరిగారు. ఆ కొండల్లో మలేరియా ఎలా ఉండేదో మన ప్రాంతపు పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. మన్యం జ్వరం అనేవాళ్లు. కొండవాగుల పారే నీటిలో పెరిగే ఒక రకం అనాఫిలిస్ దోమ దాన్ని మోస్తుంది. కానీ ఈ సంగతి అప్పుడు తెలియదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే కనిపెట్టింది 1897 ఆగస్టులో. అంతవరకు చెడు గాలి వల్లనో, వాగు నీళ్ల వల్లనో వస్తుందని నమ్మేవారు. దోమతెర కట్టుకోవాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? పంతులుగారికి మలేరియా పట్టుకుంది. దానికి లోకం మొత్తంలో ఉన్న మందు ఒక్కటే, క్వినైన్.

క్వినైన్‌ను తక్కువ చేసి మాట్లాడను. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సింకోనా చెట్టు బెరడులోంచి 1820లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీన్ని విడదీశారు. ఆంగ్లేయులు నీలగిరి కొండల్లో సింకోనా తోటలు వేశారు. తర్వాత పోస్టాఫీసుల్లో కూడా క్వినైన్ పొట్లాలు అమ్మించారు. ఎన్ని లక్షల ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేదు. చిక్కంతా దాని మోతాదులో ఉంది. జ్వరం తగ్గించే మోతాదుకూ చెవిని దెబ్బతీసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. సరైన మోతాదులో వాడినా చాలామందికి చెవుల్లో గుయ్యిమనే మోత వస్తుంది. తల దిమ్ముగా ఉంటుంది, వికారం పుడుతుంది, వినికిడి కాస్త మందగిస్తుంది. మందు ఆపితే చాలామందికి ఇది తగ్గిపోతుంది. ఆపకుండా, మోతాదు మించి, మళ్లీ మళ్లీ వాడితే కొందరికి తిరిగి రాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగంలో వెంట్రుకల్లాంటి సన్నటి కణాలు ఉంటాయి. శబ్దాన్ని అందుకునేవి అవే. ఒకసారి చచ్చిపోతే మనిషికి అవి మళ్లీ పుట్టవు.

కొండల్లో తిరిగే మనిషికి మలేరియా ఒక్కసారి వచ్చి పోయేది కాదు. చలి పుట్టినప్పుడల్లా క్వినైన్. డాక్టరు లేని చోట మోతాదు ఎంతన్నది రోగి ఓపికను బట్టి, భయాన్ని బట్టి ఉంటుంది. పంతులుగారి జీవిత చరిత్ర రాసిన వాళ్లంతా చెప్పేది ఇదే: మలేరియాకు క్వినైన్ అతిగా వాడడం వల్ల ఆయన వినికిడి పోయింది. ఆ చెవుడు చనిపోయేదాకా ఆయన్ని వదల్లేదు.

ఇంకొకరైతే అక్కడితో చాలించుకునేవారు. ఆయన సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చారు. సవర భాషలో వాచకాలు రాశారు. ఉత్తర కోస్తా జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొరకు, తెలుగువాళ్లు మాట్లాడేది ఒకటి, పుస్తకాల్లో చదివించేది ఇంకొకటి ఎందుకైందన్న అనుమానం వచ్చింది. ఆ అనుమానం పంతులుగారి రెండో జీవితానికి దారి తీసింది. 1911లో ఉద్యోగం నుంచి విరమించాక పూర్తిగా వాడుక భాష ఉద్యమంలోకి దిగారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులతో ఏళ్ల తరబడి వాదం నడిపారు. 1919లో తెలుగు పేరుతోనే పత్రిక పెట్టారు. 1925లో తణుకు సభలో గంటల తరబడి మాట్లాడారు. మనుషులు నోటితో మాట్లాడే భాష కోసం ఇంత పోరాటం చేసిన మనిషికి ఎదుటివాడి మాట సరిగా వినపడేది కాదు. మనం ఈ పేజీని ఈ భాషలో చదువుకోగలుగుతున్నామంటే ఆ పోరాటం వల్లే.

సవర పని కూడా ఆగలేదు. సుమారు 35 ఏళ్ల కృషి తర్వాత 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరిని వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరిలో పత్రికలవాళ్లతో వాడుక భాష గురించే మాట్లాడిన వారం రోజులకు, 22వ తేదీన కన్నుమూశారు.

ఇక మా ఓపీకి వచ్చిన కుర్రాడు. గుర్తు పట్టకుండా ఉండడానికి వివరాలు కొద్దిగా మార్చాను. ఊరు పూండి వైపు. వయసు 29. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇన్సూరెన్సు కోసం చేసిన పరీక్షలో బీపీ 164/106 అని తేలింది. అక్కడి డాక్టరు రామిప్రిల్ రాశారు. రెండు వారాల్లో పొడిదగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు నిద్ర లేదు. దగ్గు మందు తాగాడు, ఆవిరి పట్టాడు. చివరికి మాత్రతో వచ్చే కాగితం చదివి, దగ్గు దానివల్లేనని అర్థం చేసుకుని మాత్ర ఆపేశాడు. అంతవరకు తెలివైన పనే. కానీ డాక్టరుకు చెప్పలేదు. వేరే మందు అడగలేదు. ఆరు నెలలు ఊరుకున్నాడు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు తలనొప్పిగా ఉందంటే వాళ్లమ్మ లాక్కొచ్చింది. మా దగ్గర చూస్తే 178/112.

ఎందుకు చెప్పలేదు బాబూ అంటే తల వంచుకున్నాడు. సంగతి తల్లి చెప్పింది. సంబంధాలు చూస్తున్నారట. 29 ఏళ్లకే బీపీ మాత్రలు వేసుకుంటున్నాడని తెలిస్తే పిల్లనెవరిస్తారని భయం. ఆ మాత్రలతో దాంపత్య జీవితం దెబ్బతింటుందని ఎవరో స్నేహితుడు కూడా చెప్పాడట. అటెనొలాల్ వంటి కొన్ని పాత మందులతో, కొన్ని మూత్రం మాత్రలతో కొందరికి ఆ ఇబ్బంది వస్తుంది. అన్నిటితో రాదు. మందు మారిస్తే పోయే ఇబ్బంది అది. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ మాత్రం రక్తనాళాలను పాడు చేసి అదే ఇబ్బందిని శాశ్వతం చేస్తుంది. ఈ మాట తల్లి ముందు చెప్పలేను కదా, ఆవిడను బీపీ చీటీ తీసుకురమ్మని బయటికి పంపి చెప్పాను.

అతన్ని ఇంకో ప్రశ్న అడిగాను. ఇంకేం మాత్రలు వేసుకుంటున్నావు? ఏమీ లేదన్నాడు. మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నాయా? ఉన్నాయి. దానికేం వేసుకుంటావు? అప్పుడు జేబులోంచి షీటు తీశాడు. ఎటోరికాక్సిబ్. ఏడాదిగా వారానికి నాలుగైదు. కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగమాయె. మెడికల్ షాపువాడు ఇచ్చాడు, నొప్పి తగ్గుతోంది, ఇంక డాక్టరుతో పనేమిటి? ఈ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలవ చేస్తాయి, బీపీ పెంచుతాయి. బీపీ మందు పనిని తగ్గిస్తాయి. కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అతనికి బీపీ పూర్తిగా దీనివల్లే వచ్చిందని చెప్పను. వాళ్ల నాన్నకూ ఉంది, ఇతని బరువూ ఎక్కువే, గురక పక్క గదిలోకి వినిపిస్తుందని తల్లి సాక్ష్యం. కానీ ఆ మాత్ర నిప్పులో ఆజ్యం పోస్తోంది.

ఈ ప్రశ్న అడగడం నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో, ముప్ఫై దాటిన ఒక రైతుకు బీపీ ఉందని ఎనలాప్రిల్‌తో పాటు మూత్రం మాత్ర కూడా రాశాను. నడుంనొప్పికి రోజూ డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాడని అతను చెప్పలేదు, నేను అడగలేదు. వైశాఖం ఎండలో పొలం పని. మూడు వారాలకు మూత్రం తగ్గిపోయి, కాళ్లు వాచి వచ్చాడు. క్రియాటినిన్ నాలుగు దాటింది. ఈ మూడు మందులూ కలిస్తే, దానికి ఒంట్లో నీరు ఎండిపోవడం తోడైతే, కిడ్నీ ఒక్కసారి చతికిలబడుతుంది. పుస్తకంలో చదివిందే. అన్నీ ఆపి, సెలైన్లు పెట్టి, పెద్దాసుపత్రికి పంపాం. మనిషి దక్కాడు. కిడ్నీలు మాత్రం పూర్తిగా మునుపటిలా కాలేదు. చీటీ మీద ఉన్న సంతకం నాదే.

అది ఉద్దానంలో చేసిన తప్పు కావడం నన్ను ఇంకా బాధిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి చెప్పక్కర్లేదు. దానికోసమే పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. మన దగ్గరి కిడ్నీ జబ్బుకు ఒక దొంగ లక్షణం ఉంది. మొదట్లో చాలామందికి బీపీ పెద్దగా పెరగదు, మూత్రంలో ప్రొటీన్ కూడా అంతగా పోదు. కాబట్టి బీపీ మామూలుగా ఉందంటే కిడ్నీలు బాగున్నట్టు కాదు, క్రియాటినిన్ చూసుకోవాల్సిందే. మరోవైపు, నలభై లోపు మనిషికి బీపీ ఉంటే అందులో కిడ్నీ పాత్ర ఏమైనా ఉందేమో ముందు వెతకాలి. మూత్ర పరీక్ష, క్రియాటినిన్, పొటాషియం, కడుపు స్కానింగు. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు, కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడడం వంటివీ ఉంటాయి గానీ అవి డాక్టరు ఆలోచించాల్సినవి. మీరు ఆలోచించాల్సింది మీ ఇంట్లో మందుల డబ్బాలో ఏముందన్నది. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు, జలుబు మాత్రలు, గర్భనిరోధక మాత్రలు... ఇవన్నీ బీపీ పెంచగలవు.

క్వినైన్ చెవిలో మోతతో హెచ్చరించినట్టే బీపీ మందులు కూడా దాదాపు అన్నీ ఏదో ఒక సైగ చేస్తాయి. కొన్ని సైగలు చిరాకు పెట్టేవి మాత్రమే. రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు, ఆమ్లొడిపిన్‌తో చీలమండల వాపు, ఏ మందుతోనైనా మొదట్లో లేవగానే కళ్లు తిరగడం. వీటికి వారంలోపు డాక్టరుకు చెప్పి మార్పించుకుంటే చాలు. కొన్నిటికి మాత్రం ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి. పెదాలు, నాలుక, మొహం వాయడం వాటిలో ముఖ్యమైనది. రామిప్రిల్ కుటుంబంతో అరుదుగా వస్తుంది, ఎన్నో నెలలు బాగానే వాడాక కూడా రావచ్చు, గొంతు మూసుకుపోతుంది. కండరాలు చచ్చుబడినట్టుండి గుండె దడ తప్పితే పొటాషియం పెరిగిందేమో చూడాలి. రామిప్రిల్, టెల్మిసార్టన్ రకం మందులు పొటాషియాన్ని పెంచుతాయి. కిడ్నీ దెబ్బతిన్న వాళ్లలో మరీను. మన ఊళ్లలో ఒంట్లో బాగోకపోతే ముందు చేసే పని కొబ్బరిబొండం కొట్టించడం. మామూలు వాళ్లకు అమృతమే. కిడ్నీ జబ్బుండి ఈ మాత్రలు వాడేవాళ్లకు అందులోని పొటాషియం గుండెను ఆపగలదు. ఉద్దానంలో ఈ మాట చెబితే నన్ను వింతగా చూస్తారు, అయినా చెబుతాను.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఈ రెండు రకాల మందులూ కడుపులో బిడ్డ కిడ్నీలకు హాని చేస్తాయి. పెళ్లైన, పిల్లల కోసం చూస్తున్న అమ్మాయికి బీపీ ఉంటే, ఆ మాట ముందే చెప్పి ల్యాబెటలాల్ వంటి మందుకు మార్పించుకోవాలి. నెల తప్పాక చెప్పే లోపు ఆలస్యం అయిపోవచ్చు.

ఇదంతా చదివి మాత్ర ఆపేస్తే నా పని చెడగొట్టినట్టే. అటెనొలాల్, మెటోప్రొలాల్, క్లోనిడిన్ వంటివి ఒక్కసారి ఆపితే బీపీ, గుండె వేగం ఎగిసిపడతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కొన్ని మందులు రెండు మూడు రోజులు ఆపాల్సి రావచ్చు. అది ఏ మందన్నది మీ చీటీ చూసి మేం చెప్పాలి. ఫోన్ చేసి అడగండి, విసుక్కుంటే ఇంకో డాక్టరును అడగండి.

చెవుల విషయానికి వస్తే క్వినైన్ ఒక్కటే కాదు. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదులో ఫ్రూసెమైడ్ కూడా లోపలి చెవిని దెబ్బతీయగలవు. కిడ్నీ సరిగా లేకపోతే మందు ఒంట్లో నిలవ ఉండి ఆ ప్రమాదం పెరుగుతుంది. ఏ ఇంజెక్షన్ మొదలైన తర్వాతైనా చెవిలో మోత వినిపిస్తే ఆ రోజే చెప్పండి. పర్లాకిమిడి కొండల్లో పంతులుగారికి చెప్పుకోవడానికి డాక్టరు లేడు, మార్చుకోవడానికి ఇంకో మందూ లేదు. ఆయన ముందున్నవి రెండే, జ్వరం లేదా క్వినైన్. అసలు బీపీకైతే ఆయన కాలంలో పనికొచ్చే మాత్రే లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు 1945లో బీపీ 300/190కి చేరి మెదడులో రక్తనాళం చిట్లి పోయాడంటే, ఆయన వైద్యుల చేతిలో సరైన మందు లేకే. తేలిగ్గా వాడుకోగల మూత్రం మాత్రలు 1950ల చివర్లో గానీ రాలేదు. ఇవాళ పీహెచ్‌సీలోనే మూడు నాలుగు రకాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకటి పడకపోతే ఇంకొకటి.

కుర్రాడి పరీక్షలు వచ్చాయి. క్రియాటినిన్ 1.0, పొటాషియం మామూలు, మూత్రంలో ప్రొటీన్ లేదు. స్కానింగులో కిడ్నీలు సరైన సైజులో ఉన్నాయి. నొప్పి మాత్రలు మాన్పించి, మెడకు వ్యాయామాలు చెప్పి, ఆమ్లొడిపిన్ మొదలుపెట్టాం. నాలుగు వారాలకు 142/92కి వచ్చింది. ఇంకా దిగాలి. గురకకు నిద్ర పరీక్ష చేయించమని రాసిచ్చాను. సంబంధాల వాళ్లకు చెప్పాలా వద్దా అని తల్లి అడిగింది. అది నా శాఖ కాదన్నాను గానీ, పెళ్లి చూపులకు వెళ్లేటప్పుడు మాత్ర ఇంట్లో మరిచిపోవద్దని మాత్రం చెప్పాను. ఈ మధ్య సాయంత్రానికి పాదాలు కాస్త బిగుతుగా ఉంటున్నాయని అతనే ఫోన్ చేసి చెప్పాడు. మోతాదు తగ్గించి, తోడుగా ఇంకో మాత్ర చేర్చాం. వచ్చే నెల సెలవుకు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకు రమ్మన్నాను.